ఒకే ఏల్, నాలుగు పీపాలు

స్కాట్లాండుకు ఉత్తరాన సముద్రంలో ఉన్న ఆర్క్నీ దీవుల్లో చెట్లు అరుదు. అక్కడి ఈదురుగాలికి పెద్ద చెట్లు తలెత్తి పెరగడం కష్టం. కర్క్‌వాల్ పట్టణంలో 1798 నుంచి లెక్క చెప్పుకునే హైలాండ్ పార్క్ అనే విస్కీ డిస్టిలరీ ఉంది. దాని గోదాముల్లో వరసలుగా పేర్చిన ఓక్ పీపాల చెక్క ఆ దీవుల్లో పెరిగింది కాదు. కొంత స్పెయిన్ ఓక్, కొంత అమెరికా ఓక్. దక్షిణ స్పెయిన్‌లోని హెరెజ్ ప్రాంతంలో ఆ చెక్కను పీపాలుగా కట్టి, వాటి నిండా షెర్రీ పోసి కొంతకాలం ఉంచుతారు. షెర్రీ అంటే మద్యసారం చేర్చి బలం పెంచిన ద్రాక్ష మద్యం. చెక్క దాన్ని తాగినంత తాగాక పీపా ఖాళీ చేసి ఆర్క్నీకి పంపుతారు. అక్కడ అందులో విస్కీ పన్నెండేళ్లు ఉండవచ్చు, ముప్పై ఏళ్లూ ఉండవచ్చు.

2007లో అలా ఖాళీ అయిన పీపాలు కొన్ని దక్షిణానికి, స్కాట్లాండు నడిబొడ్డున ఓకిల్ కొండల పాదాన ఉన్న ఆల్వా అనే చిన్న ఊరికి చేరాయి. అక్కడి హార్వీస్టౌన్ బ్రూవరీని 1980లలో కెన్ బ్రూకర్ అనే ఆయన ఒక పాత రాతి పశువుల కొట్టంలో మొదలుపెట్టాడు. వాళ్ల దగ్గర ఓల్డ్ ఇంజిన్ ఆయిల్ అనే చిక్కటి నల్లటి ఏల్, అంటే ఒక రకం బీరు, ఉండేది. దాన్ని ఇంకాస్త బలంగా, 8 శాతం మద్యసారం ఉండేలా తయారుచేసి, హైలాండ్ పార్క్ పీపాల్లో నెలల తరబడి మాగబెట్టి, ఓలా డూ అనే పేరుతో సీసాల్లోకి దించారు. సీసాల మీద 12, 16, 18, 30 అని అంకెలు వేశారు. ఆ అంకె ఏల్ వయసు అనుకుని మురిసిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంతకుముందు ఆ పీపాలో ఉన్న విస్కీ వయసు అది.

పీపాల్లో మాగిన బలమైన ఏల్‌లు ఇప్పుడు ప్రపంచంలో వందల్లో ఉన్నాయి. అమెరికాలో ఒకసారి బర్బన్ అనే విస్కీ నింపిన పీపాలో మళ్లీ బర్బన్ పోయకూడదు. కొత్తగా కాల్చిన ఓక్ పీపాలోనే దాన్ని మాగబెట్టాలని అక్కడి చట్టం. అందువల్ల వాడేసిన పీపాలు అక్కడ గుట్టలుగా మిగులుతాయి. 1990లలో షికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీ అలాంటి పీపాల్లో స్టౌట్ అనే నల్లటి బీరు పోసి ఒక కొత్త దారి తెరిచింది. అయినా నేను ఓలా డూనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకే బ్రూవరీ, ఒకే ఏల్, ఒకే డిస్టిలరీ. మారుతున్నది పీపా ఒక్కటే. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు కోరుకునే అమరిక అంగట్లో అమ్మే సీసాల్లో దొరకడం అరుదు. గ్లాసులోని ఏ రుచి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహతో కాక పోలికతో తేల్చుకునే వీలు ఇక్కడ ఉంది. రుచి చూడడమంటే నాకు అదే: గ్లాసులో ఉన్న ప్రతి వాసనకూ దాని పుట్టిల్లు వెతకడం.

ముందు ఏల్ సంగతి. బార్లీ గింజను నీళ్లలో నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక లేచే వేళ గింజలో పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే ఎంజైములు తయారవుతాయి. మొలక చిన్నగా ఉండగానే వేడిగాలితో ఆరబెట్టి దాని ఎదుగుదల ఆపేస్తారు. అదే మాల్ట్. దాన్ని నూరి, 65 డిగ్రీల దరిదాపు వేణ్ణీళ్లలో గంటసేపు ఉంచితే ఎంజైములు మళ్లీ పనిలోకి దిగి పిండిని చక్కెరలు చేస్తాయి. ఆ తీపి నీటిని వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. 180 గ్రాముల గ్లూకోజు నుంచి ఈస్టు సుమారు 92 గ్రాముల మద్యసారం, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. 8 శాతం ఏల్ ఒక లీటరులో 63 గ్రాముల మద్యసారం ఉంటుంది. అంటే ఈస్టు లీటరుకు 120 గ్రాములకు పైగా చక్కెర తిని ఉండాలి. 5 శాతం మామూలు బీరుకు 80 గ్రాముల లోపే సరిపోతుంది. బలమైన ఏల్ ఖరీదు ఎక్కువ కావడానికి మొదటి కారణం ఈ మాల్ట్ లెక్కే.

అంత చిక్కటి తీపిలో పడిన ఈస్టుకు బతుకు కష్టం. చుట్టూ ఉన్న చక్కెర దాని కణంలోని నీటిని బయటికి లాగుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి అది గ్లిజరాల్ తయారుచేసుకుంటుంది. అదే సమయంలో ఎస్టర్లనే సువాసన పదార్థాలు మామూలు కంటే ఎక్కువగా విడుదల చేస్తుంది. ఐసోఅమైల్ అసిటేట్ అరటిపండు వాసన, ఇథైల్ హెక్సనోయేట్ ఆపిల్ వాసన. బలమైన ఏల్ ముక్కు దగ్గర పెట్టుకోగానే పండ్ల బుట్ట గుర్తుకు రావడానికి కారణం ఏ పండూ వేయడం కాదు, ఈస్టు పడిన పాట్లు.

నలుపు రంగు మాత్రం పొయ్యి నుంచి వచ్చింది. ఈ ఏల్‌లో బాగా వేయించిన బార్లీ, ఓట్లు కూడా పడతాయి. ఓట్లలోని బీటా గ్లూకాన్ అనే జిగురు పదార్థం ఏల్‌కు నాలుక మీద మెత్తదనం ఇస్తుంది. 200 డిగ్రీలు దాటి వేగిన బార్లీలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వందల రకాల కొత్త పదార్థాలవుతాయి. ఈ చర్యను 1912లో వర్ణించిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ కమీయ్ మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తున్నాం. కాఫీ గింజ వేగినా, రొట్టె కాలినా, వేరుశనగ గింజ వేయించినా జరిగేది అదే చర్య.

ఇంత తీపి, ఇంత పోషకం ఉన్న ద్రవం నెలల తరబడి చెక్క పీపాలో చెడకుండా ఎలా ఉంటుంది? మన తాటికల్లును తలుచుకుంటే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. ఏల్‌ను పులియబెట్టే శాక్రోమైసిస్ సెరెవిసియే జాతి ఈస్టు కల్లులోనూ ఉంటుంది. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసి నోట పెట్టనీయదు. గాలి తగిలిన కల్లులో బాక్టీరియా మద్యసారాన్ని వెనిగర్ ఆమ్లంగా మార్చేస్తాయి. బలమైన ఏల్‌కు మూడు రక్షణలు ఉన్నాయి. మద్యసారం ఎక్కువ. మరిగేటప్పుడు హాప్స్‌లోని ఆమ్లాలు రూపం మార్చుకుని చేదు ఇవ్వడమే కాక, బీరును పుల్లగా మార్చే లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియాను చాలామటుకు అదుపులో పెడతాయి. పీపా నిండా ఏల్ ఉంటే లోపల గాలికి చోటు తక్కువ. ఈ మూడింటిలో ఏది సడలినా సూక్ష్మజీవులు కాచుకునే ఉంటాయి. 2015లో అమెరికాలోని పేరున్న బ్రూవరీ ఒకటి పీపాల్లో మాగబెట్టి సీసాల్లో నింపిన ఏల్‌లలో కొన్ని పులిసిపోయాయి. మద్యసారాన్నీ హాప్స్‌నీ తట్టుకోగల లాక్టోబాసిల్లస్ అసిటోటాలరన్స్ అనే బాక్టీరియా పని అది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చి, ఆ మరుసటి ఏడాది నుంచి సీసాల్లో నింపే ముందు ఏల్‌ను క్షణకాలం వేడిచేయడం మొదలుపెట్టారు.

ఇక పీపా. బ్రిటన్‌లో శతాబ్దాల పాటు బీరంతా పీపాల్లోనే తిరిగింది. అయినా అందులో ఓక్ రుచి ఉండకూడదన్నది అక్కడి బ్రూవర్ల పట్టుదల. ఇప్పటి లిథువేనియాలో ఉన్న, అప్పట్లో మేమెల్ అని పిలిచిన రేవు నుంచి వచ్చే బాల్టిక్ ఓక్ అంటే వాళ్లకు ప్రాణం. ఎందుకంటే అది బీరుకు రుచి అంటించదు. అమెరికా ఓక్ రుచి వదులుతుందని దూరం పెట్టేవాళ్లు. తప్పనిసరై వాడితే లోపల పూత పూసేవాళ్లు. 18వ శతాబ్దం చివర లండన్‌లోని బో బ్రూవరీ నుంచి జార్జ్ హాడ్జ్‌సన్ ఏల్ నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి కలకత్తా, మద్రాసు రేవుల్లో దిగేది. అదీ పీపాల్లోనే వచ్చింది. దాన్ని మార్చింది ఆ ప్రయాణంలోని కాలం, కదలిక, వేడి. ఓక్ వాసన వస్తే దాన్ని అప్పట్లో లోపంగానే లెక్కేసేవాళ్లు.

దీర్ఘకాలం మాగిన ఇంగ్లీషు ఏల్‌లకు ప్రత్యేకమైన పరిమళం ఎక్కడిదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతిలో చేసిన ఇంగ్లీషు ఏల్ శుభ్రంగానే ఉండేది కానీ, మాగినా ఆ పాత పరిమళం వచ్చేది కాదు. అదే కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన నీల్స్ హైల్ట్ క్లాసెన్ 1904లో లండన్‌లో బ్రూవర్ల ముందు దీనికి జవాబు చెప్పాడు. మొదటి ఈస్టు పని ముగించాక పీపాలో నెమ్మదిగా పెరిగే రెండో ఈస్టు ఒకటుంది, దానికి తాను బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టానన్నాడు. చెక్క రంధ్రాల్లో అది ఏళ్ల తరబడి బతకగలదు. గుర్రాల కొట్టం, తోలు, లవంగం కలిసినట్టుండే వాసనలు దానివి. దాన్ని వరంగా చూసే బ్రూవరీలున్నాయి, శాపంగా చూసేవీ ఉన్నాయి. ఏళ్ల తరబడి 60 శాతం దరిదాపు మద్యసారం నిండి ఉన్న విస్కీ పీపాలో ఏ ఈస్టూ బతకడం కష్టం కాబట్టి, ఓలా డూ లాంటి ఏల్‌లో ఆ కొట్టం వాసన వెతకనక్కరలేదు.

పీపా చెక్క ముక్కను అడ్డంగా కోసి వెలుతురులో చూస్తే దాని చరిత్ర కనిపిస్తుంది. అంగుళం మందం ఉన్న చెక్కలో లోపలి అంచు నల్లగా, బొగ్గుగా ఉంటే అది మంటలో కాల్చిన బర్బన్ పీపా. ముదురు గోధుమ రంగులో ఉంటే సెగ చూపించిన షెర్రీ పీపా. నలుపు వెనకే ఎర్రటి పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడ చెక్కలోని చక్కెరలు వేడికి పాకం పట్టాయి. ఇంకా కొన్ని మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాక సన్నటి గీత. మద్యం చెక్కలోకి చొరబడి ఆగిన చోటు అది. అక్కడి నుంచి బయటి అంచు దాకా లేత రంగు చెక్క, పీపా కట్టిన నాటిలాగే ఉంటుంది.

ఓక్‌నే ఎందుకు వాడతారంటే ముందు అది కారదు కాబట్టి. చెట్టులో నీరు మోసే నాళాలు వయసు మళ్లాక టైలోసులనే పొరలతో పూడుకుపోతాయి. అమెరికా తెల్ల ఓక్‌లో ఈ పూడిక చాలా గట్టిది. అందువల్ల దాన్ని రంపంతో కోసి పీపాలు కట్టవచ్చు. యూరప్ ఓక్‌ను నార వెంట చీల్చాల్సిందే, లేకపోతే కారుతుంది. ఇక రుచి విషయానికొస్తే, చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిలిన్ అవుతుంది. ఐస్‌క్రీములో వెనిలా వాసన ఇచ్చే పదార్థమే ఇది. హెమిసెల్యులోజు ఫర్ఫ్యురాల్ లాంటి వేయించిన బాదం వాసనలు ఇస్తుంది. లాక్టోనులు అనే మరికొన్ని పదార్థాలు పచ్చి కొబ్బరి వాసన వేస్తాయి. అమెరికా ఓక్‌లో ఇవి మెండు. అమెరికా బర్బన్ పీపాల్లో మాగిన స్టౌట్‌లో కొబ్బరి గుప్పుమంటుంది, షెర్రీ పీపాల ఏల్‌లో అంతగా ఉండదు. ఇవన్నీ కాక ఎల్లాజిటానిన్లు ఉన్నాయి. వాటి నుంచి వగరు వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లను ఇవి పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. నోటిలో జారుడుతనం పోయి చిగుళ్లు బిగుసుకుంటాయి. ఉగాది పచ్చడిలో వగరును మనం రుచుల్లో లెక్కేస్తాం కానీ, శరీరశాస్త్రం దాన్ని స్పర్శ పక్కన పెడుతుంది.

ఇక్కడ కాలం లెక్క ఒకటి చూడాలి. పీపాలో మద్యం ఊరికే కూర్చోదు, చెక్క గుండా ఆవిరవుతూ ఉంటుంది. స్కాట్లాండులో ఏడాదికి 2 శాతం చొప్పున పోతుందనుకుంటే, ముప్పై ఏళ్ల తర్వాత పీపాలో మిగిలేది 55 శాతం లోపే. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ గోదాముల్లో ఏడాదికి 10 శాతానికి పైగానే పోతుంది. అక్కడ ముప్పై ఏళ్లు ఉంచితే మిగిలేది మహా అయితే 4 శాతం. మన దక్కను పీఠభూమి మీద ముప్పై ఏళ్ల విస్కీ ఉండకపోవడానికి కారణం ఓర్పు చాలకపోవడం అనుకోకూడదు. ఎండ అంతకాలం ఉండనివ్వదు. అక్కడ నాలుగైదేళ్లలోనే చెక్క నుంచి రావలసింది వచ్చేస్తుంది.

మద్యం తగ్గేకొద్దీ పీపాలో ఖాళీ ఏర్పడి గాలి చేరుతుంది. ఏల్‌కు ఆక్సిజన్ రెండంచుల కత్తి. లేత రంగు బీరుకు ఆక్సిజన్ తగిలితే ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం తలెత్తి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. లీటరులో 0.1 మైక్రోగ్రాము ఉంటే చాలు, ముక్కు పసిగడుతుంది. పది లక్షల లీటర్ల బీరులో గ్రాములో పదో వంతు అన్నమాట. నల్లటి ఏల్‌లో వేయించిన మాల్ట్ పదార్థాలు ఆక్సిజన్‌ను కొంత తమ మీదికి తీసుకుని ఈ ముప్పును ఆలస్యం చేస్తాయి. అదే ఆక్సిజన్ వల్ల ఏళ్లు గడిచిన నల్లటి ఏల్‌లోనూ, షెర్రీలోనూ సోటొలాన్ అనే మరో పదార్థం పుడుతుంది. ఎండుద్రాక్ష, పాకం, వాల్‌నట్ వాసనలు కలిసినట్టుంటుందని పాశ్చాత్యులు రాస్తారు. తెలుగువాళ్లకు అంత డొంకతిరుగుడు అక్కరలేదు. మెంతులకు ఆ వాసన ఇచ్చే ముఖ్యమైన పదార్థం సోటొలానే. 2005 నుంచి కొన్నేళ్లపాటు న్యూయార్కు నగరంలో అప్పుడప్పుడు గాలిలో తియ్యటి మేపుల్ పాకం వాసన వచ్చేది. జనం హడలిపోయి అధికారులకు ఫోన్లు చేసేవాళ్లు. 2009లో తేలిందేమిటంటే, నది అవతల న్యూజెర్సీలో ఒక కర్మాగారం మెంతుల నుంచి సారం తీస్తున్నప్పుడు వచ్చిన వాసన అది. అక్కడ ఉన్న తెలుగు ఇల్లాళ్లలో ఎవరినైనా అడిగి ఉంటే సగం పని తేలికయ్యేది. మాగిన ఏల్‌ను రుచి చూసేటప్పుడు మెంతులు వేగుతున్న వంటిల్లు ఎరిగిన ముక్కుకు సోటొలాన్ ఇట్టే దొరుకుతుంది.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి. 330 మిల్లీలీటర్ల 8 శాతం సీసాలో దాదాపు 21 గ్రాముల మద్యసారం ఉంటుంది. రుచి చూడడానికి ఒక్కొక్కటి 60 మిల్లీలీటర్లు చాలు, నాలుగూ కలిపితే ముక్కాలు సీసా. అంతకంటే ఎక్కువైతే మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి తీర్పు చెప్పే బుర్ర మొద్దుబారుతుంది. గ్లాసు అంచు లోపలికి వంగి ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగకూడదు. 4 డిగ్రీల దగ్గర సువాసన అణువులు గాలిలోకి లేవవు, తీపి తగ్గి చేదు, వగరు పైకి వస్తాయి. 12 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, గ్లాసును అరచేతిలో పట్టుకుని మెల్లగా వేడెక్కనివ్వాలి. గంట సేపట్లో ఒకే గ్లాసులో వాసనలు ఒకదాని తర్వాత ఒకటి పైకి వస్తాయి.

పోయగానే ముదురు గోధుమ రంగు నురగ సన్నగా లేచి త్వరగా కిందికి జారిపోతుంది. మద్యసారం ఎక్కువైతే నురగ నిలవదు, అదేమీ దోషం కాదు. అయితే రంగును నమ్మకూడదు. 2001లో బోర్డో విశ్వవిద్యాలయంలో ద్రాక్ష మద్యాల శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల ద్రాక్ష మద్యంలో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. దాన్ని వాళ్లు ఎర్ర మద్యానికి వాడే మాటలతోనే వర్ణించారు. కళ్లు ముక్కుకు ముందే తీర్పు చెప్పేశాయి. నల్లటి ఏల్ చూడగానే చాక్లెట్, కాఫీ అని నోటికి వచ్చేస్తే, ఆ మాట ముక్కు చెప్పిందో కన్ను చెప్పిందో అడిగి చూడాలి.

గ్లాసును ముక్కు దగ్గర పెట్టి రెండు మూడు చిన్న పీల్పులు పీల్చాలి. దీర్ఘంగా పీలిస్తే ముక్కు ఆ వాసనకు అలవాటుపడి అర నిమిషంలో మొద్దుబారుతుంది. తర్వాత ముక్కు మూసుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకోవాలి. తీపి, చేదు, కాస్త పులుపు తెలుస్తాయి, అంతకుమించి ఏమీ తెలియదు. ముక్కు వదిలేసి ఊపిరి విడిస్తే కాఫీ, ఎండుద్రాక్ష, పొగ, వెనిలా ఒక్కసారిగా వచ్చి పడతాయి. మనం రుచి అనుకునే దానిలో చాలా భాగం గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే గాలి తెచ్చేదే. ఈ పరీక్ష ఇంట్లో కాఫీతోనైనా చేసి చూడవచ్చు. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టిన వాసన గ్రాహకాలు మనుషుల్లో సుమారు 400 రకాలు. ఒక్కో అణువు కొన్ని గ్రాహకాలను కలిపి తడుతుంది, ఒక్కో గ్రాహకం చాలా అణువులకు స్పందిస్తుంది. ఆ కలయికల లెక్కతోనే ముక్కు వేల వాసనలను వేరుచేస్తుంది.

మింగాక గొంతులో వెచ్చదనం. ఏల్ చల్లగా ఉండగానే వేడి ఎలా తెలుస్తుంది? మన నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని మిరపకాయ కారం సాయంతో పట్టుకుంది. 2021లో దానికే ఆయనకు నోబెల్ వచ్చింది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర మేల్కొని కాలుతోందని మెదడుకు కబురు పంపుతుంది. మద్యసారం తగిలితే ఆ గీత 34 డిగ్రీలకు దిగిపోతుంది. ఒంటి వేడి 37 కాబట్టి, మన ఒంటి వేడే మనకు మంటగా తెలుస్తుంది. గుంటూరు మిరపకాయ, బలమైన ఏల్ తడుతున్నది ఒకే తలుపు.

ఇప్పుడు ఈ అధ్యాయానికి అసలు పని. పొగ వాసన తీసుకుందాం. ఓలా డూలో పొగ ఉంది. అది ఎవరిది? మాడేదాకా వేయించిన బార్లీలో పొగ ఛాయ ఉంటుంది. హైలాండ్ పార్క్ మాల్ట్‌లో కొంత భాగాన్ని ఆర్క్నీలోని హాబిస్టర్ బీడు నుంచి తవ్విన పీట్ అనే మండే మట్టి పొగ మీద ఆరబెడుతూ వచ్చారు. చెట్లు అరుదైన నేల కాబట్టి అక్కడి పీట్‌లో ఎక్కువగా ఉండేది హెదర్ పొదల అవశేషం. ఆ పొగ విస్కీలోకీ, విస్కీ నుంచి చెక్కలోకీ వెళుతుంది. సెగ తగిలిన ఓక్ కూడా పొగ వాసన ఇస్తుంది. ముగ్గురూ వదిలేది దాదాపు ఒకే కుటుంబపు ఫినాల్ అణువులను, ముఖ్యంగా గ్వయకాల్‌ను. ఒక్క గ్లాసుతో దీన్ని ఎంత అనుభవజ్ఞుడైనా విడదీసి చెప్పలేడు. పీపా చూడని ఓల్డ్ ఇంజిన్ ఆయిల్‌ను పక్కన పెడితే సమస్య సగం విడిపోతుంది. అందులో ఉన్న పొగ బార్లీది. ఓలా డూలో అంతకుమించి ఉన్నది పీపాది. పోలిక పూర్తిగా సరితూగదు, ఎందుకంటే ఓలా డూ మరింత బలమైనది. అయినా ఏ పోలికా లేకపోవడం కంటే ఎంతో మేలు.

12కూ 30కీ తేడా నిజంగా ఉందా, లేబులు చూసి అనుకుంటున్నామా అన్న అనుమానానికి బ్రూవరీలు వాడే మందు త్రికోణ పరీక్ష. మూడు గ్లాసుల్లో రెండింట ఒకటే ఏల్, మూడోదానిలో వేరేది. తేడా గ్లాసు ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరైపోతుంది. పన్నెండుమంది కూర్చుంటే కనీసం ఎనిమిదిమంది సరిగ్గా చెప్పినప్పుడే తేడా ఉందని ఒప్పుకుంటారు. ఏడుగురు చెప్పినా దాన్ని అదృష్టంగా కొట్టిపారేస్తారు. ఇంత చిన్న సంఖ్యలతో నమ్మదగ్గ తీర్పు చెప్పే గణితంలో ఒక పునాదిరాయి వేసినవాడు డబ్లిన్‌లోని గిన్నెస్ బ్రూవరీ ఉద్యోగి విలియం సీలీ గాసెట్. 1908లో తన పరిశోధనను స్టూడెంట్ అనే మారుపేరుతో అచ్చువేయించుకున్నాడు. ఇవాళ వైద్య పరీక్షల్లో మందు పనిచేసిందో లేదో తేల్చేచోట వాడే ఆ లెక్క బార్లీ గింజల మధ్య పుట్టింది.

నాలుగు గ్లాసులూ వరసగా పెట్టి చూస్తే పెద్ద అంకె ఉన్న ఏల్‌లోనే పీపా రుచి ఎక్కువగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. రసాయనం వేరుగా చెబుతుంది. చెక్కలో తేలికగా కరిగే వెనిలిన్, టానిన్లు పరిమితం. ముప్పై ఏళ్లు విస్కీ వాటిని లాగేసుకున్నాక ఏల్‌కు దక్కేది కొద్దిగానే. అందులోనూ 60 శాతం మద్యసారం లాగగలిగినంత 8 శాతం ఏల్ లాగలేదు. పన్నెండేళ్ల పీపాలో చెక్క ఇంకా ధారాళంగా ఇస్తుంది, పీట్ పొగ కూడా చురుగ్గా ఉంటుంది. కాలం గడిచేకొద్దీ విస్కీలోని పొగ మెత్తబడుతుంది కాబట్టి, ముప్పై ఏళ్ల పీపా నుంచి ఏల్‌లోకి వచ్చేది ప్రధానంగా చెక్కలో ఇంకిన పాత విస్కీ, షెర్రీ, ఆక్సిజన్ కలిసి చేసిన ఎండుపండ్ల గుణం. నా మటుకు నాకు 12లో ఓక్ ముందు కూర్చుని మాట్లాడుతుంది. 30లో ఏల్ తన సొంత గొంతుతో వినిపిస్తుంది, పీపా వెనక తంబురా మీటుతూ ఉంటుంది. ధర ఎక్కువ కాబట్టి 30 గొప్పదని నేననను. 16, 18 మధ్య తేడా లేబులు మూసి చెప్పమంటే చాలామంది తడబడతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పీపా పీపాకూ చెక్క మారుతుంది. ఆ తేడాను పూడ్చడానికే బ్రూవర్లు చాలా పీపాలను కలిపి సీసాల్లో నింపుతారు. రెండేళ్ల తేడా ఆ కలయికలో మునిగిపోవచ్చు.

బర్బన్ పీపాల ఏల్‌లు చాలావాటితో నా పేచీ ఒకటే. పీపాను ఖాళీ చేసిన మర్నాడే ఏల్ నింపితే చెక్కలో దాగిన కొన్ని లీటర్ల బర్బన్ ఏల్‌లో కలిసి, వెనిలా, కొబ్బరి, మద్యసారపు మంట తప్ప ఏమీ మిగలవు. మాల్ట్ ఏదో, ఈస్టు ఏదో వెతుక్కోవాల్సి వస్తుంది. పొలం దున్నినవాడి నుంచి ఈస్టు పెంచినవాడి దాకా పడిన శ్రమ అంతా పీపా మింగేయడం నాకు బాధగానే ఉంటుంది. మంచి బ్రూవరీ అలాంటి పీపాలో నింపిన ఏల్‌ను తాజా ఏల్‌తో కలిపి పాళ్లు సరిచేస్తుంది. ఇంగ్లండులో గ్రీన్ కింగ్ బ్రూవరీ 12 శాతం ఉన్న ఓల్డ్ ఫైవ్ ఎక్స్ అనే ఏల్‌ను రెండేళ్లు పెద్ద ఓక్ తొట్లలో మాగబెట్టి, దాన్ని విడిగా అమ్మకుండా లేత ఏల్‌తో కలిపే సీసాల్లోకి దించుతూ వచ్చింది. మాగబెట్టడం ఎంత విద్యో కలపడం అంత విద్య.

విదేశాల నుంచి వచ్చేటప్పుడు ఇలాంటి సీసా ఒకటి తెచ్చుకుని, మంచి రోజు కోసం అల్మారాలో దాచేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సీసాలో కూడా ఏల్ మారుతూనే ఉంటుంది. హాప్స్ చేదు ఏటేటా తగ్గుతుంది, సోటొలాన్ పెరుగుతుంది. 12 డిగ్రీల నేలమాళిగలో ఐదేళ్లు పట్టే మార్పు, 40 డిగ్రీలు దాటే హైదరాబాదు, విజయవాడ వేసవుల్లో నెలల్లో వచ్చేస్తుంది. పైగా వేడిలో అన్ని చర్యలూ ఒకే వేగంతో పెరగవు కాబట్టి అట్టపెట్టె వాసనే ముందు వచ్చే ప్రమాదం ఉంది. సీసాను నిలువుగా, వెలుతురు తగలకుండా, ఫ్రిజ్‌లో తక్కువ చల్లగా ఉండే అరలో పెట్టాలి. తాగడానికి ముప్పావు గంట ముందు తీసి బయట ఉంచితే చాలు.